టేలర్ ప్రశ్నావళి వెనకున్న ప్రొఫెసర్: ఆందోళన, అభ్యసనం మీద పనిచేయాలనుకునేవారికి

ముందుగా మీ ప్రశ్న సారాంశం, తరువాత చదివేవారి కోసం. మీరు మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశారు. బాగా చదివిన ఇంటర్ విద్యార్థులు పరీక్ష హాల్లో భయంతో ఎందుకు మరచిపోతారన్న విషయం మీద పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. గైడుగారు టేలర్ ఆందోళన ప్రశ్నావళి వాడమన్నారు. అభ్యసనం (నేర్చుకోవడం), ఆందోళన అనే రెండింటినీ కలిపి పరిశోధించే ప్రొఫెసర్ జీవితం ఎలా ఉంటుంది, ఎవరి దారి చూసి నేర్చుకోవచ్చు అని అడిగారు.

మీ చేతిలో ఉన్న ప్రశ్నావళి మీద ఉన్న పేరే మీకు జవాబు. జానెట్ టేలర్, పెళ్లి తరువాత జానెట్ టేలర్ స్పెన్స్. మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల్లో (పీహెచ్‌డీ థీసిస్‌లలో) ఈ పేరు తరచుగా కనిపిస్తుంది. అయినా టేలర్ ఎవరని విద్యార్థులను అడిగితే చాలామంది ఎవరో మగ డాక్టరనుకుంటారు. ఆమె వైద్యురాలు కాదు, ఆ ప్రశ్నావళి రోగుల కోసం తయారైనదీ కాదు. ఈ సంగతి తెలియకపోవడం వల్లే మన దగ్గర ఆ ప్రశ్నావళితో చేసిన పనిలో ఎక్కువ భాగం ఎటూ తేలకుండా పోయిందని నా అభిప్రాయం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆమె 1923లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో నగరంలో పుట్టారు. 1945లో ఓబర్లిన్ కళాశాలలో డిగ్రీ పూర్తిచేసి, చికిత్సా మనస్తత్వశాస్త్రం చదవాలని యేల్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడినుంచి అయోవా విశ్వవిద్యాలయానికి మారారు. అప్పట్లో అయోవా మనస్తత్వశాస్త్ర విభాగానికి అధిపతి కెనెత్ స్పెన్స్. యేల్‌లోని క్లార్క్ హల్‌తో కలిసి అభ్యసన సిద్ధాంతాన్ని నిర్మించినవారాయన. అభ్యసనాన్ని కొలిచి, సూత్రంగా రాసి, ప్రయోగంలో పరీక్షించాలన్నది ఆ విభాగం పట్టుదల. చికిత్స నేర్చుకోవాలని బయలుదేరిన టేలర్ అక్కడ ప్రయోగాల వైపు తిరిగారు. 1949లో పీహెచ్‌డీ వచ్చింది.

ఆ సిద్ధాంత గ్రంథంలోని ప్రశ్నే ఆమె తరువాతి పదేళ్ల పనికి మూలం, మీ పరిశోధనకు కూడా అదే పునాది. కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుదాం.

హల్, స్పెన్స్‌ల సూత్రం ప్రకారం మనిషి ఒక పని ఎంత బలంగా చేస్తాడన్నది రెండు అంశాల గుణకారం. ఒకటి అలవాటు బలం, అంటే ఆ పని అతనికి ఎంతగా వచ్చు అన్నది. రెండోది డ్రైవ్, అంటే ఆ క్షణంలో శరీరంలో, మనసులో ఉన్న ఉద్రేకం మొత్తం. ఎలుకకు డ్రైవ్ పెంచాలంటే కొన్ని గంటలు మేత పెట్టకుండా ఉంచితే చాలు. మనిషి విషయంలో ఏం చేయాలి? టేలర్‌కు తట్టిన ఆలోచన సరళమైనది. ప్రయోగశాలలో మనిషిని భయపెట్టి డ్రైవ్ పెంచడం ఒక పద్ధతి. స్వభావరీత్యా కొందరిలో ఆందోళన ఎక్కువ, కొందరిలో తక్కువ ఉంటుంది కదా, ఆ రెండు రకాల మనుషులను వేరుచేసి ఒకే పని ఇచ్చి పోల్చడం ఇంకో పద్ధతి. ఆమె రెండోది ఎంచుకున్నారు. అలా వేరుచేయడానికి ఒక జల్లెడ కావలసివచ్చింది. టేలర్ ప్రశ్నావళి పుట్టింది అందుకే.

దాన్ని తయారుచేసిన తీరు చూడండి. అప్పటికే వాడుకలో ఉన్న మిన్నెసోటా వ్యక్తిత్వ ప్రశ్నావళి నుంచి దాదాపు 200 వాక్యాలు తీసి, అయిదుగురు చికిత్సా నిపుణుల ముందు పెట్టారు. దీర్ఘకాలిక ఆందోళన లక్షణాలను చెప్పేవి ఏవో గుర్తించమన్నారు. అయిదుగురిలో కనీసం నలుగురు ఒప్పుకున్నవి 65 మిగిలాయి. తరువాత వడపోసి 50కి తెచ్చారు. ఆ యాభైని ఆందోళనతో సంబంధం లేని 175 వాక్యాల మధ్య కలిపి, మొత్తం 225 వాక్యాల కాగితాన్ని జీవిత వివరాల పట్టిక లాంటి మామూలు పేరుతో విద్యార్థులకు ఇచ్చారు. తమలో దేన్ని కొలుస్తున్నారో వాళ్లకు తెలియకూడదని ఈ జాగ్రత్త. 1953లో పత్రం అచ్చయ్యేనాటికి అయోవాలో మనస్తత్వశాస్త్రం మొదటి పాఠాలు చదివే 1,971 మంది విద్యార్థుల మార్కులు ఆమె దగ్గర ఉన్నాయి. మధ్య విలువ (సగం మంది దానికి పైన, సగం మంది కింద ఉండే అంకె) 50కి 13 దగ్గర ఉంది. మూడు వారాల తరువాత మళ్లీ ఇస్తే రెండు సార్ల మార్కుల మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, అత్యధికం 1) 0.89 వచ్చింది. అయిదు నెలల తరువాత కూడా 0.82. జల్లెడగా అది బాగా పనిచేసేదేనని ఈ అంకెలు చెబుతాయి.

మన దగ్గర ఇప్పుడు జరుగుతున్నది ఏమిటంటే, ఆ 175 మామూలు వాక్యాలు తీసేసి, యాభై మాత్రమే జిరాక్స్ చేసి, పైన పెద్ద అక్షరాలతో ఆందోళన పరీక్ష అని రాసి పంచుతారు. ఎదుట లెక్చరరు నిలబడి ఉంటారు. పదహారేళ్ల కుర్రవాడు పేరు, రోల్ నంబరు రాసి మొదలుపెడతాడు. మూడో వాక్యం దాటేసరికి ఇది దేని గురించో అతనికి అర్థమైపోతుంది. ఇక ఆ తరువాత పెట్టే టిక్కులు అతని ఆందోళనను చెప్పవు, తానెలా కనిపించాలనుకుంటున్నాడో చెబుతాయి. హాస్టల్ వార్డెన్ చూస్తాడేమోనని అన్నిటికీ కాదు అని పెట్టిన కాగితాలు నేను చూశాను.

ఇక ప్రయోగాల సంగతి. మొదటిది కనురెప్ప ప్రయోగం. మనిషిని ఒంటరిగా ఒక గదిలో కూర్చోబెడతారు. ఎదురుగా దీపం కాంతి పెరుగుతుంది. అర సెకను తిరక్కుండానే కంటి మీదికి సన్నగా గాలి ఊదుతుంది, రెప్ప పడుతుంది. ఇలా పదేపదే జరిగాక, గాలి రాకముందే, కాంతి మారగానే రెప్ప పడటం మొదలవుతుంది. అదే నిబంధిత ప్రతిస్పందన. ఇక్కడ నేర్చుకోవలసినది ఒక్కటే, దానికి పోటీగా ఇంకో ప్రతిస్పందన లేదు. ఆందోళన ఎక్కువున్న వర్గం ఇందులో ముందుంది. 1951లో వచ్చిన ఈ ఫలితం చాలామందికి వింతగా తోచింది. ఆందోళన అన్నాక అన్నిటికీ అడ్డమే అనుకుంటాం కదా!

మరుసటి ఏడాది టేలర్, స్పెన్స్ కలిసి ఇంకో రకం పని ఇచ్చారు. వరసగా చాలా చోట్ల రెండింటిలో ఒకటి ఎంచుకుంటూ పోవాలి, ఆ వరసంతా గుర్తుపెట్టుకోవాలి. ఒక చోట సరైన జవాబు ఇంకో చోట తప్పు. అడుగడుగునా జవాబులు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఇందులో ఆందోళన ఎక్కువున్నవారే ఎక్కువ తప్పులు చేశారు.

1956లో అయోవాలో జరిగిన జతపదాల ప్రయోగాలు దీన్ని ఇంకా స్పష్టంచేశాయి. వాటి స్వభావం తెలియడానికి నేను పాఠంలో వాడే తెలుగు జతలు చెబుతాను. మొదటి జాబితా: ఆకలి – అన్నం, వాన – గొడుగు, చెరువు – చేప. మొదటి మాట చూపిస్తే రెండోది చెప్పాలి. ఇవి మన మనసులో ముందే ముడిపడి ఉన్నాయి, కాబట్టి తేలిక. రెండో జాబితా: ఆకలి – గొడుగు, వాన – చేప, చెరువు – అన్నం. ఇప్పుడు వాన అనగానే గొడుగు నాలుక చివరికి వచ్చేస్తుంది. దాన్ని ఆపి చేప అనాలి. మొదటి రకం జాబితాలో ఆందోళన ఎక్కువున్నవారు వేగంగా నేర్చుకున్నారు, రెండో రకంలో వెనకబడ్డారు.

సూత్రం ఇప్పుడు తెలుస్తుంది. డ్రైవ్ దేన్నీ ఎంచి పెంచదు, ఉన్నవాటన్నిటినీ హెచ్చిస్తుంది. రేడియో శబ్దం పెంచితే పాటతో పాటు గరగర కూడా పెరిగినట్టు. సరైన జవాబు బలం 3, తప్పు జవాబు బలం 5 అనుకోండి. డ్రైవ్ 1 అయితే తేడా 2. డ్రైవ్ 2 అయితే 6, 10, తేడా 4. తప్పు మరింత ముందుకు వస్తుంది. కానీ అదే విద్యార్థి బాగా సాధన చేసి సరైన జవాబు బలం 9కి పెంచుకుంటే? డ్రైవ్ 2 దగ్గర 18, 10. ఇప్పుడు అదే ఉద్రేకం సరైన జవాబునే ముందుకు తోస్తుంది. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి, సూత్రం మాత్రం వాళ్లదే. ఆందోళన మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఈ సిద్ధాంతంలో జవాబు లేదు. ఏ పని, ఎంతవరకు వచ్చింది అన్నవి చెబితేనే జవాబు ఉంటుంది.

మీ అంశానికి ఇదే కీలకం. సగం సగం వచ్చిన పాఠం పరీక్ష హాల్లో చెల్లాచెదురు కావడం, పూర్తిగా పట్టుబడిన పాఠం అదే భయంలో కూడా నిలబడటం మనందరికీ తెలిసిన అనుభవం. దాన్ని కొలవగల రూపంలో మొదట పెట్టినవాళ్లలో ఆమె ఒకరు.

అంటే ఆ సిద్ధాంతమే చివరి మాట అని కాదు. కనురెప్ప ఫలితం కొన్ని ఇతర ప్రయోగశాలల్లో సరిగా రాలేదు. 1964లో కెనెత్ స్పెన్స్ ఆ పరిశోధనలన్నిటినీ సమీక్షించి, ప్రయోగం జరిగే చోట కొంతయినా జంకు పుట్టే వాతావరణం ఉంటేనే రెండు వర్గాల తేడా బయటపడుతుందని వాదించారు. ఆ వాదనలోనే కొత్త దారి కనిపించింది. స్వభావంగా ఉండే ఆందోళన వేరు, ఆ క్షణంలో కలిగే ఆందోళన వేరు. ఈ రెండింటినీ విడదీసి కొలిచే ప్రశ్నావళిని 1970లో చార్లెస్ స్పీల్‌బర్గర్ బృందం తెచ్చింది. ఆయన కూడా అయోవాలో పీహెచ్‌డీ చేసినవారే. ఇంకోవైపు యేల్‌లో మాండ్లర్, సారసన్ 1952లోనే పరీక్ష భయానికి ప్రత్యేకంగా ప్రశ్నావళి తయారుచేశారు. పనితో సంబంధం లేని ఆలోచనలు మనసులో దూరడమే నష్టానికి మూలమని వాళ్ల వాదన. 1967లో లీబర్ట్, మోరిస్ పరీక్ష భయాన్ని రెండుగా విడదీశారు: ఏమవుతుందోనన్న చింత ఒకటి, గుండె దడ, చెమటల లాంటి ఉద్వేగం రెండోది. మార్కులను తగ్గించేది ప్రధానంగా మొదటిదేనని ఆ తరువాత ఎన్నో పరిశోధనల్లో తేలింది. ఇప్పుడు డ్రైవ్ అన్న భావన మీద ఎవరూ పెద్దగా ఆధారపడటం లేదు. మైఖేల్ ఐసెంక్ బృందం 2007లో చెప్పినట్టు, ఆందోళన దృష్టి మీద మన అదుపును సడలిస్తుందన్న వివరణకే ఆదరణ ఎక్కువ. అయినా పనిని బట్టి ఫలితం మారుతుందన్న టేలర్ గమనిక మాత్రం చెక్కుచెదరలేదు.

ఉద్యోగ జీవితం గురించి అడిగారు. 1949లో ఆమె నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చేరారు. అక్కడి మనస్తత్వశాస్త్ర విభాగంలో అధ్యాపకురాలైన మొదటి మహిళ ఆమే. పదేళ్లకు పైగా అక్కడ పాఠాలు చెప్పారు, 1954లో సహోద్యోగులతో కలిసి సంఖ్యాశాస్త్రం పాఠ్యపుస్తకం రాశారు, ఆందోళన ప్రయోగాలు సాగించారు. 1960లో కెనెత్ స్పెన్స్‌ను పెళ్లి చేసుకుని అయోవాకు వెళ్లారు.

అక్కడ తలుపు మూసుకుంది. భార్యాభర్తలు ఒకే చోట అధ్యాపకులుగా ఉండకూడదన్న నిబంధన ఆ రోజుల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో విస్తారంగా ఉండేది. బంధుప్రీతిని అడ్డుకోవడానికి పెట్టామనేవారు, బయటికి వెళ్లవలసి వచ్చేది మాత్రం దాదాపు ఎప్పుడూ భార్యే. అప్పటికి దేశమంతా వాడుతున్న ప్రశ్నావళిని తయారుచేసిన శాస్త్రవేత్తకు తాను పీహెచ్‌డీ చేసిన విభాగంలోనే చోటు లేకపోయింది. ఇది అన్యాయం. కాలం అలాంటిదని సర్దిచెప్పుకోవలసిన పని లేదు.

ఆమె అయోవా సిటీలోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పరిశోధకురాలిగా చేరారు. మీరు జాగ్రత్తగా చూడవలసినది ఇక్కడే. చోటు మారింది, ఎదుట ఉన్న మనుషులు మారారు, ప్రశ్న మాత్రం తెగిపోలేదు. స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక వ్యాధి ఉన్న రోగులు మాటల జతలు నేర్చుకునేటప్పుడు, ముందే ముడిపడి ఉన్న మాటలు వాళ్లకు ఎంతగా అడ్డుపడతాయో ఆరోగ్యవంతులతో పోల్చి చూశారు. 1964లో సహోద్యోగితో కలిసి ఆ పత్రం అచ్చువేశారు. వాన, గొడుగు, చేప ఉదాహరణ గుర్తుచేసుకోండి. జవాబుల పోటీ అన్న అదే ప్రశ్న కొత్త చోట పనికొచ్చింది.

అదే 1964లో భర్తకు టెక్సస్ విశ్వవిద్యాలయం, ఆస్టిన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడా అదే నిబంధన, భర్త ఉన్న విభాగంలో ఆమెకు చోటు లేదు. మొదట బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల ప్రభుత్వ పాఠశాలలో, తరువాత విద్యా మనస్తత్వశాస్త్ర విభాగంలో పనిచేశారు. పిల్లల మధ్యకు వచ్చాక ప్రశ్న ఇంకో మలుపు తీసుకుంది: సరైన జవాబుకు మిఠాయి ఇవ్వడం మంచిదా, సరే అని ఒక్క మాట చెప్పడం మంచిదా? చేతికి వచ్చే వస్తువు పిల్లల దృష్టిని పని మీదనుంచి లాగేసి అభ్యసనాన్ని నెమ్మదింపజేస్తుందని 1970లో రాశారు. ర్యాంకుకు సైకిలు, సెల్‌ఫోను కొనిస్తామనే మన ఇళ్లలో ఈ పత్రం చదవాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఆస్టిన్‌కు వచ్చిన ఆ తొలి ఏళ్లలోనే భార్యాభర్తలిద్దరూ అభ్యసనం, ప్రేరణల మీద ఒక సంపుటాల వరసకు సంపాదకులయ్యారు. మొదటి సంపుటం 1967లో వచ్చింది. ఆ జనవరిలోనే కెనెత్ చనిపోయారు.

ఆ తరువాతే మనస్తత్వశాస్త్ర విభాగం ఆమెను తీసుకుంది. 1968 నుంచి 1972 వరకు ఆ విభాగానికి ఆమే అధిపతి. ఎవరి అర్హతా రాత్రికి రాత్రి పెరగదు. అడ్డుగా ఉన్నది ఆ నిబంధనే.

సమర్థుడైన మగవాడిని జనం ఎందుకు ఇష్టపడతారన్న పరిశోధనలో ఉన్న సహోద్యోగి రాబర్ట్ హెల్మ్‌రైక్‌తో కలిసి, మరి సమర్థురాలైన స్త్రీ సంగతేమిటన్న ప్రశ్న వేసుకున్నారు. అక్కడినుంచి ఆమె పని స్త్రీ, పురుష స్వభావాల వైపు తిరిగింది. 1972లో స్త్రీల పట్ల వైఖరిని కొలిచే ప్రశ్నావళి, 1974లో వ్యక్తిగత లక్షణాల ప్రశ్నావళి వచ్చాయి. మగతనం, ఆడతనం ఒకే గీతకు రెండు చివరలన్న పాత భావనను ఈ పని దెబ్బతీసింది. స్వయంగా నిర్ణయాలు తీసుకునే గుణం, ఎదుటివారి పట్ల ఆర్ద్రత రెండూ ఒకే మనిషిలో, ఆడవారైనా మగవారైనా, ఎక్కువగా ఉండవచ్చని చూపింది. తరువాత పనిలో రాణించాలన్న తపనను మూడు పాయలుగా విడదీశారు: శ్రమించడం మీద ఇష్టం, కష్టమైనదాన్ని సాధించాలన్న కోరిక, ఇతరులను ఓడించాలన్న పోటీతత్వం. శాస్త్రవేత్తల మీద చేసిన అధ్యయనంలో మొదటి రెండూ ఎక్కువగా, మూడోది తక్కువగా ఉన్నవారి పత్రాలనే ఇతర పరిశోధకులు ఎక్కువగా ఉదహరించారని తేలింది. కార్పొరేట్ కళాశాలల గోడల మీద ర్యాంకుల ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఈ ఫలితం గుర్తొస్తుంది. మీరు ఎప్పుడైనా ఆ దిశలో పనిచేయగలిగితే మన పిల్లలకు మేలు జరుగుతుంది.

పదవుల గురించి క్లుప్తంగా: 1984లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షురాలయ్యారు. 1988లో పరిశోధకుల కోసం ఏర్పడిన అమెరికన్ సైకలాజికల్ సొసైటీకి ఎన్నికైన మొదటి అధ్యక్షురాలు ఆమె. 1992లో, డెబ్బైకి దగ్గరపడుతున్న వయసులో, పని వ్యసనాన్ని కొలిచే ప్రశ్నావళిని సహపరిశోధకురాలితో కలిసి ప్రచురించారు. 1997లో విరమించి, 2015 మార్చిలో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ జీవితంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఆ ప్రశ్నావళుల వరస. ప్రతి ఒక్కటీ ఒక ప్రశ్న వెంట వచ్చింది. ప్రశ్న తీరాక ఆమె దాన్ని పట్టుకుని వేలాడలేదు. ఆందోళన ప్రశ్నావళిని చికిత్సాలయాల్లో వాడుకోవాలన్న ఉద్దేశంతో తయారుచేయలేదని, ప్రయోగాలకు మనుషులను ఎంచుకోవడానికే చేశానని 1950లలోనే స్పష్టంగా రాశారు. లోకం వినలేదు. మన దగ్గర ఇప్పటికీ ఆ యాభై వాక్యాలు ఇచ్చి, మార్కులు లెక్కవేసి, బాలురు, బాలికలు, పట్టణం, పల్లె అని సగటులు పోల్చి, ఒక సిద్ధాంత గ్రంథం ముగిస్తారు. అభ్యసనం అందులో ఎక్కడా ఉండదు. ఆ దారిలో పీహెచ్‌డీ వస్తుంది, పరిశోధకులు మాత్రం తయారు కారు.

మీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) విషయానికి వస్తాను. గైడుగారు టేలర్ అన్నారు కాబట్టి మొండిగా వద్దనకండి. స్వభావ ఆందోళనకు టేలర్ ఉంచి, పరీక్ష భయానికి చింతను, ఉద్వేగాన్ని విడిగా కొలిచే ప్రశ్నావళి ఒకటి జోడిస్తానని అడగండి. చాలామంది గైడులు సంతోషంగా ఒప్పుకుంటారు. మామూలు వాక్యాలను తీసేయకండి. తెలుగులోకి తెచ్చేటప్పుడు ప్రతి వాక్యాన్నీ అడిగి చూసుకోండి. చల్లటి రోజున కూడా చెమట పడుతుందా అన్నది అయోవా మంచులో ఒక లక్షణం. రామగుండంలోనో, విజయవాడలోనో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు వాతావరణాన్ని చెబుతుంది. సిగ్గుతో ముఖం ఎర్రబడటం గురించిన వాక్యం కూడా మన పిల్లల మేనిఛాయకు సరిపడదు. ఇలాంటివి మార్చినప్పుడు వేరే విద్యార్థుల మీద మళ్లీ విశ్వసనీయత, అంటే మార్కులు నిలకడగా వస్తాయా అన్నది, చూడాలి. అమెరికా విద్యార్థుల మధ్య విలువ 13ను తెచ్చి మనవాళ్లను ఆందోళనపరులని తేల్చడం తగదు.

అసలు పని అభ్యసనాన్ని కొలవడం. విద్యార్థికి ఒక కొత్త విషయం మీరే నేర్పండి. సగం మందికి ఒకసారి తప్పుల్లేకుండా చెప్పేవరకు, మిగతా సగానికి ఆ తరువాత కూడా ఇంకొన్నిసార్లు సాధన. పోటీ జవాబులున్న జాబితా, లేని జాబితా రెండూ ఉంచండి. తరువాత ఒకసారి మామూలు వాతావరణంలో, ఒకసారి సమయం పెట్టి మార్కులు వేస్తామని చెప్పి పరీక్షించండి. ఈ షరతులన్నీ పట్టికగా వేస్తే ఆందోళన ఎక్కువున్న పిల్లలు ఏ గడిలో పడిపోతున్నారో, ఏ గడిలో నిలబడుతున్నారో మీకు తెలుస్తుంది. ఇంటర్ లెక్చరర్లకు మీరు చేతికివ్వగల ఫలితం అదే. పెద్ద సంఖ్యలో కాగితాలు పంచాలన్న ఒత్తిడి వస్తుంది. తక్కువమందితో జాగ్రత్తగా చేసిన ఇలాంటి ప్రయోగానికి దానికన్నా విలువ ఎక్కువ.

మార్గం సంగతి మీకు తెలిసే ఉంటుంది: నెట్ పరీక్ష, వీలైతే జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి. ప్రయోగాల వైపు మనసుంటే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రాన్ని, ఆందోళన రోగుల వైపు మనసుంటే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌ను చూడండి. ప్రొఫెసర్ ఉద్యోగంలో పరిశోధన ఒక భాగమే. పాఠాలు, ప్రశ్నపత్రాలు, కమిటీలు, ఇతరుల సిద్ధాంత గ్రంథాలు దిద్దడం మీ రోజులో ఎక్కువ భాగం తీసుకుంటాయి. సంఖ్యాశాస్త్రం మాత్రం ఇప్పుడే గట్టిగా నేర్చుకోండి. ఆమె పాఠ్యపుస్తకం రాసేటంత నేర్చుకున్నారు. విభాగం మారినా, అంశం మారినా ఆమెకు అక్కరకు వచ్చినవాటిలో అదొకటి.

చివరగా ఒక బాధ్యత. మీరు పనిచేయబోయేది పదహారు, పదిహేడేళ్ల పిల్లలతో. తల్లిదండ్రుల అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. కాగితాల మీద పేర్లు కాకుండా సంకేత సంఖ్యలు వేయించి, ఏ కాగితం ఎవరిదో తెలిపే పట్టికను మీ దగ్గరే భద్రంగా ఉంచుకోండి. మార్కులు కళాశాల యాజమాన్యానికి ఇవ్వనని ముందే ఒప్పందం చేసుకోండి. ఏ విద్యార్థి అయినా బతుకు మీద విరక్తి గురించి మాట్లాడితే డేటా సేకరణ పక్కన పెట్టి, ఆ రోజే ఇంటివారితో, మానసిక వైద్యులతో కలపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ నంబరు 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరును ప్రశ్నావళి చివరి పేజీలో అందరికీ అచ్చువేసి ఇవ్వండి. సినాప్సిస్ తయారయ్యాక ప్రయోగ పద్ధతి భాగాన్ని ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.